పిల్లల దూకుడుకి హార్మోన్లే కారణమా? ఏ టెస్టు అవసరం, ఏది దండగ?

పంతులమ్మ_కాకినాడ
అందరికీ నమస్కారం. ఒకటో తరగతి బాబు, ఆరేళ్లు. తోటి పిల్లల్ని కొరుకుతాడు, రక్కుతాడు, వరసలో ముందు ఎవరైనా నిలబడితే తోసేస్తాడు. ఇంట్లో చెల్లెలి మీద కూడా చెయ్యి చేసుకుంటాడట. పొద్దున పూట కాస్త నయం. మధ్యాహ్నం అన్నం గంటకి ముందు, సాయంత్రం ట్యూషన్‌లో ఎక్కువ. ఎవరో చెబితే తల్లిదండ్రులు ఒక ల్యాబ్‌లో హార్మోన్ల ప్యాకేజీ చేయించుకొచ్చారు. సాయంత్రం 5 గంటలకి రక్తం ఇచ్చారు. టోటల్ టెస్టోస్టిరాన్ డెసిలీటరుకి 11 నానోగ్రాములు, పక్కన ఎర్రగా 'తక్కువ' అని గుర్తు. ఒత్తిడి హార్మోను అనే కార్టిసాల్ 4.2 మైక్రోగ్రాములు, దానికీ అదే గుర్తు. థైరాయిడ్ టెస్టు టీఎస్‌హెచ్ 3.1, అది మామూలే. "మగ హార్మోను తక్కువుంటే వీడికింత దుడుకేంటి" అని తల్లి అడుగుతోంది. తండ్రేమో ఇంజెక్షన్ ఏమైనా ఉందా అని వాకబు చేస్తున్నాడు. తెలిసినవాళ్లు వివరంగా రాస్తే ప్రింటు తీసి వాళ్లకి ఇస్తాను.

పిల్లల_ఎండో
మేడమ్, ముందు ఆ ఇంజెక్షన్ మాట అక్కడే ఆపించండి. ఆరేళ్ల పిల్లాడికి 11 అనేది ఉండాల్సిన అంకే. రిపోర్టులో పక్కన అచ్చేసింది పెద్ద మగవాళ్ల లెక్క, అంటే సుమారు 300 నుంచి 1000. దాంతో పోలిస్తే ఏ పిల్లాడికైనా ఎర్రగుర్తే పడుతుంది.

మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ ఎలా నడుస్తుందో తెలిస్తే సగం అనుమానాలు పోతాయి. పుట్టాక ఒకటి నుంచి మూడు నెలల మధ్య బాగా పెరుగుతుంది, 200 దాటిన పసివాళ్లూ ఉంటారు. ఆరు నెలలకల్లా పడిపోతుంది. అక్కడి నుంచి దాదాపు తొమ్మిదేళ్ల దాకా 20 లోపే ఉంటుంది, ఆడపిల్లలకీ మగపిల్లలకీ పెద్ద తేడా ఉండదు. యవ్వనారంభం మగపిల్లల్లో 9-14 ఏళ్ల మధ్య, ఆడపిల్లల్లో 8-13 మధ్య మొదలవుతుంది. నాలుగేళ్లప్పుడు మగపిల్లలకి టెస్టోస్టిరాన్ ఒక్కసారిగా ఎగబాకుతుందని వాట్సాప్‌లో తిరిగే మాటకి ఆధారం లేదు.

ఇక శారీరక దూకుడు ఎక్కువగా ఉండేది ఎప్పుడు? కెనడాలో రిచర్డ్ ట్రాంబ్లే బృందం పిల్లల్ని పసితనం నుంచి ఏళ్ల తరబడి గమనించింది. కొట్టడం, కొరకడం, తోయడం రెండు నుంచి నాలుగేళ్ల మధ్య శిఖరానికి చేరి, తర్వాత చాలామందిలో తగ్గుతూ పోతాయి. సరిగ్గా ఆ వయసులోనే టెస్టోస్టిరాన్ అట్టడుగున ఉంటుంది.

ల్యాబ్_బయోకెమ్
కార్టిసాల్ గురించి నేను చెప్తాను. అది పొద్దున 8 ప్రాంతంలో ఎక్కువ, పొద్దుపోయేకొద్దీ తగ్గుతుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. ల్యాబ్ ఇచ్చే సాధారణ హద్దులు పొద్దుటి శాంపిల్‌వి. సాయంత్రం 5కి తీసిన రక్తాన్ని వాటితో పోలిస్తే 4.2 తక్కువగానే కనిపిస్తుంది. సాయంత్రానికి అది మామూలే. ఆ కాగితం మీద ఉన్న రెండు ఎర్రగుర్తులూ వయసు, వేళ చూడకుండా కంప్యూటర్ వేసినవి.

ఇంకో మాట. చాలా ల్యాబుల్లో టెస్టోస్టిరాన్‌ని ఇమ్యునోఅస్సే పద్ధతిలో, అంటే యాంటీబాడీలతో పట్టుకుని చూస్తారు. అది పెద్ద మగవాళ్ల స్థాయిలకి తయారైన కొలత. 20 లోపు అంకెల దగ్గర దాన్ని నమ్మలేం, వేరే స్టిరాయిడ్లు కూడా అందులో కలిసిపోయి అంకె పెంచేస్తాయి. పిల్లల్లో నిజంగా అవసరమైతే అణువు బరువుని బట్టి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ పద్ధతిలోనే చేయించాలి. శాంపిల్ ఇచ్చే ముందు 'ఏ పద్ధతి' అని కౌంటర్లో అడగండి. చెప్పలేకపోతే వేరే చోటికి వెళ్లండి.

తర్కం_తిరుపతి
అంతా బానే ఉంది కానీ, టెస్టోస్టిరాన్‌కీ దూకుడుకీ సంబంధమే లేదంటే ఎలా నమ్మాలి? కోడెని చూడండి, ఎద్దుని చూడండి. పదిహేనేళ్లు వచ్చేసరికి మగపిల్లలు ఎందుకు రెచ్చిపోతారు?

పిల్లల_ఎండో
సంబంధం లేదని నేననలేదు, ఆరేళ్ల వాడి విషయంలో లేదన్నాను. టీనేజీలో ఉంది, అయితే అనుకున్నంత గట్టిగా లేదు.

1980లో డాన్ ఒల్వేయస్ స్వీడన్‌లో 16 ఏళ్ల ప్రాంతపు అబ్బాయిల మీద చేసిన పరిశోధన ఒకటి ఉంది. టెస్టోస్టిరాన్ ఎక్కువున్నవాళ్లు ఎవరైనా కవ్విస్తే, బెదిరిస్తే తిరగబడ్డారు. కవ్వింపు లేకుండా వాళ్లంతట వాళ్లే మీదపడటంతో సంబంధం అంత సూటిగా కనిపించలేదు. ఇక పెద్ద ఎత్తున పరిశోధనలన్నీ గుదిగుచ్చి 2005లో జాన్ ఆర్చర్ లెక్కగడితే సహసంబంధం 0.08 వచ్చింది. ఒకటి అంటే పూర్తి సంబంధం, సున్నా అంటే అసలు లేదు. 0.08 ఎంతో మీరే చూసుకోండి. పైగా అందులో ఎక్కువ భాగం పెద్దవాళ్ల లెక్కలు.

పైగా బాణం రెండువైపులా పోతుంది. పోటీలో గెలిస్తే టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. కాబట్టి దుడుకువాడి రక్తంలో హార్మోను ఎక్కువ కనబడితే అది కారణమో ఫలితమో ఒక్క శాంపిల్‌తో తేలదు.

మనస్తత్వం_విశాఖ
దానికి నేనో ముక్క కలుపుతాను. అమెరికాలో నార్త్ కరొలైనా పడమటి కొండప్రాంతంలో 'గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ స్టడీ' అని పిల్లల మీద దీర్ఘకాలం జరిగింది. దాని లెక్కలతో 2004లో వచ్చిన పత్రం ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చింది. టెస్టోస్టిరాన్ ఎక్కువున్న అబ్బాయిలు చెడు సావాసంలో ఉంటే నియమాలు ఉల్లంఘించే లక్షణాలు ఎక్కువ, అవి కూడా కొట్లాట కానివి. మంచి సావాసంలో ఉంటే నాయకత్వ లక్షణాలు ఎక్కువ. కాబట్టి పదమూడేళ్ల వాడి హార్మోను అంకె కన్నా సాయంత్రం ఎవరితో తిరుగుతున్నాడన్నది ముందు కనుక్కోవాలి.

ఆడపిల్లల సంగతి ఈ చర్చల్లో ఎప్పుడూ జారిపోతుంది. 1997లో వచ్చిన ఒక ప్రయోగంలో యవ్వనం ఆలస్యమైన పిల్లలకి కొన్ని నెలలు హార్మోను, కొన్ని నెలలు ఉత్తుత్తి మందు మార్చి మార్చి ఇచ్చారు. అబ్బాయిలకి టెస్టోస్టిరాన్, అమ్మాయిలకి ఈస్ట్రోజెన్. శారీరక దూకుడు ఇద్దరిలోనూ కొంత పెరిగింది, మాటల దూకుడు పెరగలేదు. 'మగ హార్మోను అంటే కోపం, ఆడ హార్మోను అంటే శాంతం' అన్న లెక్క దీంతోనే చెల్లదు.

తర్కం_తిరుపతి
సరే. మరి కార్టిసాల్ తక్కువున్న పిల్లలు మొండిగా, భయం లేకుండా ఉంటారని చదివాను. అదీ ఉత్తదేనా?

మనస్తత్వం_విశాఖ
ఉత్తది కాదు. 2000లో మెక్‌బర్నెట్ బృందం ప్రవర్తన సమస్యలతో క్లినిక్‌కి వచ్చిన 38 మంది మగపిల్లల్ని, 7-12 ఏళ్లవాళ్లని, కొన్నేళ్లు గమనించింది. లాలాజలంలో కార్టిసాల్ తక్కువున్నవాళ్లలో దూకుడు ముందుగా మొదలై ఎక్కువకాలం నిలిచింది. కానీ అది గుంపు మీద తేలిన లెక్క. ఫలానా పిల్లాడి అంకె చూసి 'వీడు ఇలా అవుతాడు' అనలేం, కార్టిసాల్ మాత్రలిచ్చి సరిచేసేదీ కాదు. రోగనిర్ధారణకి పనికొచ్చే హద్దు అంటూ అక్కడ లేదు.

పిల్లల_ఎండో
ఇప్పుడు అసలు పనికొచ్చే భాగం. హార్మోను వల్ల ప్రవర్తన మారినప్పుడు దాదాపు ఎప్పుడూ ఒంటి మీద కూడా ఆనవాలు ఉంటుంది. కోపం ఒక్కటే ఉండి ఒళ్లు మామూలుగా ఉంటే హార్మోను వెతుకులాట వృథా.

మగపిల్లాడికి తొమ్మిదేళ్లలోపు, ఆడపిల్లకి ఎనిమిదేళ్లలోపు చంకలో పెద్దవాళ్ల చెమటవాసన, జననాంగాల దగ్గర వెంట్రుకలు, మొటిమలు, గొంతు మారడం, రొమ్ము మొగ్గ... వీటిలో ఏది కనిపించినా చూపించాల్సిందే. పొడవు కూడా గమనించండి. ఈ వయసులో ఏడాదికి 5-6 సెంటీమీటర్లు పెరగడం మామూలు. ఏడు దాటి పెరుగుతూ, పోయినేడు కొన్న బట్టలు ఒక్కసారిగా పొట్టైతే అనుమానించాలి. పైపైన ఇది 'మంచి ఎదుగుదల' అనిపించి ఇంట్లో సంబరపడతారు. ఎముకలు ముందే ముదిరి చివరికి పొట్టిగా మిగిలిపోతారన్నది తర్వాత తెలుస్తుంది.

మగపిల్లాడి విషయంలో డాక్టరు చేతితో చూసే పరీక్ష సగం కథ చెప్పేస్తుంది. వృషణాలు పూసల దండలాంటి ఆర్కిడోమీటర్‌తో కొలుస్తారు. రెండూ 4 మిల్లీలీటర్లు, ఆ పైన ఉంటే సంకేతం మెదడు నుంచి వస్తోంది. వెంట్రుకలు, అంగం పెరుగుదల ఉండి వృషణాలు మాత్రం చిన్నగానే ఉంటే హార్మోను వేరే చోటి నుంచి వస్తోంది, అంటే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి నుంచో బయటి మందు నుంచో. ఒకటే పెద్దగా ఉంటే ఆ వృషణంలోనే గడ్డ ఉందేమో చూడాలి. తర్వాతే ఎముక వయసు చూడటానికి ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే, పొద్దుటి ఎల్‌హెచ్ (మెదడు నుంచి వచ్చే యవ్వన సంకేతం), టెస్టోస్టిరాన్, 17-ఓహెచ్ ప్రొజెస్టిరాన్ (అడ్రినల్ లోపం పట్టిచ్చే టెస్టు). మగపిల్లాడిలో సంకేతం మెదడు నుంచైతే మెదడు ఎంఆర్ఐ తప్పదు, ఎందుకంటే వాళ్లలో గడ్డలాంటి కారణం దొరికే అవకాశం ఆడపిల్లల కన్నా ఎక్కువ. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో వచ్చే హమార్టోమా అనే గడ్డ ముందస్తు యవ్వనాన్నీ, విపరీతమైన కోపాన్నీ, కారణం లేకుండా పగలబడి నవ్వే ఫిట్స్‌నీ కలిపి తేగలదు.

అడ్రినల్ సంగతిలో మనవాళ్లకి ఓ ప్రత్యేకత: 21-హైడ్రాక్సిలేజ్ లోపం (సీఏహెచ్), అంటే కార్టిసాల్ తయారుచేసే ఎంజైము కొరవడి మగ హార్మోన్లు ఎక్కువయ్యే జబ్బు, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ జన్యువు వస్తేనే బయటపడుతుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. తీవ్రరకం పుట్టిన రెండుమూడు వారాల్లోనే వాంతులు, నీరసంతో ప్రాణం మీదికి తెస్తుంది. తక్కువ తీవ్రత ఉన్న మగపిల్లాడు మూడు నాలుగేళ్లకి వయసుకి మించిన పొడవుతో, వెంట్రుకలతో వస్తాడు.

డాలస్_ఫార్మసీ
'బయటి మందు' అన్నారు కదా, దానిమీద ఇక్కడి అనుభవజ్ఞులకి బాగా తెలిసిన సంగతి. నాన్నో తాతో భుజాలకి రాసుకునే టెస్టోస్టిరాన్ జెల్. 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వీటిమీద నల్లపెట్టె హెచ్చరిక, అంటే అన్నిటికన్నా గట్టి హెచ్చరిక పెట్టించింది. అప్పటికి తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు ఎనిమిది మంది ఇలా తగిలి ఇబ్బందిపడ్డట్టు ఫిర్యాదులొచ్చాయి. అంగం పెరగడం, వెంట్రుకలు, ఎముక వయసు ముందుకుపోవడం, దూకుడు. జెల్ తగలడం ఆగాక చాలామందిలో లక్షణాలు వెనక్కి తగ్గాయి. ఎముక వయసు, అంగం సైజు మాత్రం కొందరిలో పూర్తిగా మామూలుకి రాలేదు.

జెల్ వాడే ఇంట్లో పాటించాల్సినవి: రాసుకున్న వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. జెల్ ఆరాక చొక్కా వేసుకోవాలి, బనియన్ చాలదు, ఎందుకంటే భుజం బయటే ఉంటుంది. పిల్లాడిని ఒంటికి హత్తుకోవాలంటే ముందు ఆ చోటు సబ్బుతో కడగాలి. తువ్వాలు, దుప్పటి పిల్లాడితో పంచుకోకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే: పొద్దున రాసుకున్నది రాత్రికి ఆవిరైపోతుందనుకుని పిల్లాడిని భుజంమీద పడుకోబెట్టుకుంటారు. చర్మంమీద ఇంకా మిగిలే ఉంటుంది. పిల్లల డాక్టరు దగ్గర 'ఇంట్లో ఎవరైనా హార్మోను మందు వాడుతున్నారా' అంటే మొహమాటపడి లేదనకండి. ఆ ఒక్క జవాబు ఎంఆర్ఐ ఖర్చు తప్పించొచ్చు.

లక్ష్మి_వరంగల్
బాబుకి నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు), వైసొలోన్ అనే స్టిరాయిడ్ వాడుతున్నారు. కిలోకి రోజుకి 2 మి.గ్రా. లెక్కన మొదలుపెట్టిన పది రోజుల నుంచి ప్లేట్లు విసరడం, రాత్రి నిద్ర లేకపోవడం. ఇది మందు వల్లేనా? డోసు తగ్గించొచ్చా?

పిల్లల_ఎండో
లక్ష్మి గారూ, మందు వల్ల అయ్యే అవకాశం చాలా ఎక్కువ. పిల్లల్లో 'హార్మోను వల్ల దూకుడు' అని నిస్సందేహంగా చెప్పగలిగేది ఇదే, ఒంట్లో తయారైనది కాదు, నోట్లో వేసింది. మొదటిసారి జబ్బుకి కిలోకి రోజుకి 2 మి.గ్రా. (60కి మించకుండా) ఆరు వారాలు, తర్వాత కిలోకి 1.5 మి.గ్రా. (40కి మించకుండా) రోజు మార్చి రోజు ఆరు వారాలు, ఇది మామూలు పద్ధతి. చిరాకు, ఆకలి, నిద్రలేమి ఎక్కువగా ఆ మొదటి ఆరు వారాల్లోనే. ముందు నుంచీ పేచీ స్వభావం ఉన్న పిల్లల్లో ఇంకా తేలుతుంది.

డోసు మీరుగా తగ్గించొద్దు, అసలు ఆపొద్దు. వారాల తరబడి వాడాక ఒంట్లో సొంత కార్టిసాల్ తయారీ పడుకుని ఉంటుంది. హఠాత్తుగా ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, షుగర్ పడిపోవడం జరగొచ్చు. మీరు చేయగలిగింది: డాక్టరుని అడిగి మొత్తం డోసు పొద్దున టిఫిన్ తర్వాత ఒకేసారి ఇవ్వడం. సాయంత్రం మాత్ర పడితే నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు కోపం. ఆకలి కోపం వేరేగా వస్తుంది, దానికి ఉప్పు తక్కువున్న మరమరాలు, కీరా ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు చేతికి అందేలా పెట్టండి. చిప్స్, పచ్చడి వద్దు, వాపు పెరుగుతుంది. బడికి కూడా ఒక చీటీ రాసి పంపండి, 'ఫలానా తేదీ దాకా స్టిరాయిడ్ మీద ఉన్నాడు' అని.

ఆస్తమాకి, ఒళ్లునొప్పులకి పేరు లేని పొట్లాల మందు పిల్లలకి వాడేవాళ్లు కూడా ఇది చదవాలి. కొన్నిటిలో స్టిరాయిడ్ కలిపి ఉంటుంది. బుగ్గలు గుండ్రంగా ఉబ్బి, ఆకలి పెరిగి, మొండితనం పెరిగితే ఆ పొట్లం డాక్టరుకి చూపించండి.

డాలస్_ఫార్మసీ
హార్మోను కాదు గానీ ఇక్కడే చెప్పేస్తాను: జలుబుకి, పిల్లికూతలకి ఇచ్చే మాంటెలుకాస్ట్ సిరప్, నమిలే మాత్ర. 2020లో దీనికీ ఎఫ్‌డీఏ నల్లపెట్టె హెచ్చరిక వచ్చింది, దూకుడు, పీడకలలు, మూడ్ మార్పుల గురించి. ఫిట్స్‌కి ఇచ్చే లెవెటిరాసిటామ్ కూడా చిరాకు తెస్తుంది. రక్తపరీక్షకి వెళ్లే ముందు మందుల డబ్బా చూడండి. ఫిట్స్ మందు మాత్రం సొంతంగా ఆపొద్దు.

అనిల్_టైప్1
షుగర్ పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇన్సులిన్ వేసుకునే పిల్లాడు ఉన్నట్టుండి తంతే, 'అన్నం తినను' అని గిన్నె తోసేస్తే, తిట్టకముందు గ్లూకోమీటర్ తీయాలి. 70 కన్నా తక్కువుంటే అది కోపం కాదు, హైపో, అంటే రక్తంలో షుగర్ పడిపోవడం. చెమట, వణుకు, పాలిపోవడం తోడుండొచ్చు, కానీ ప్రతిసారీ ఉండవు.

కిలోకి 0.3 గ్రాముల గ్లూకోజ్ లెక్క. 20 కిలోల వాడికి 6 గ్రాములు, 30 కిలోల వాడికి 9. చెంచాడు పంచదార తలకొట్టి తీస్తే 4 గ్రాముల చొప్పున లెక్క వేసుకోండి. నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. చాక్లెట్, ఐస్‌క్రీం పనికిరావు, కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు గ్లూకగాన్ ఇంజెక్షన్, 25 కిలోల లోపు అర మి.గ్రా., పైన 1 మి.గ్రా. ఇంట్లో లేకపోతే ఆలస్యం చేయకుండా 108.

పంతులమ్మ_కాకినాడ
మా బాబుకి షుగర్ జబ్బు లేదు. కానీ అన్నం గంటకి ముందే ఎక్కువ అని రాశాను కదా. అది కూడా షుగర్ పడిపోవడమేనా? థైరాయిడ్ 3.1 అంటే దాన్ని పూర్తిగా పక్కన పెట్టొచ్చా?

పిల్లల_ఎండో
థైరాయిడ్ పక్కన పెట్టేయండి. చిరాకు పుట్టించేది అతి థైరాయిడ్, అందులో టీఎస్‌హెచ్ దాదాపు అణగిపోయి ఉంటుంది, థైరాయిడ్ హార్మోను ఫ్రీ టీ4 ఎక్కువ. పిల్లాడు బాగా తింటూనే చిక్కిపోతాడు, చేతులు చాచమంటే వేళ్లు వణుకుతాయి, చేతిరాత పాడవుతుంది, నిద్రలో కూడా నాడి వేగంగా కొట్టుకుంటుంది. మార్కులు పడిపోయి 'శ్రద్ధ లేదు' అని బడిలో ముద్రపడ్డాక గానీ చాలామందిని తీసుకురారు. మందు కార్బిమజోల్. అది వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే మాత్ర ఆపి, తెల్లరక్తకణాల లెక్క చూపించి, డాక్టరుతో మాట్లాడాలి.

ఆరోగ్యవంతుడైన పిల్లాడికి అన్నం ఆలస్యమైతే షుగర్ ప్రమాదకరంగా పడిపోదు. ఆకలి చిరాకు మాత్రం నిజమే. పొద్దున ఏం తిని వస్తున్నాడో కనుక్కోండి.

మనస్తత్వం_విశాఖ
పంతులమ్మ గారూ, మీ మొదటి పోస్టులో నన్ను ఆపిన వాక్యం అదే, వేళల గురించి రాసింది. హార్మోను రిపోర్టు కన్నా అదే విలువైన సమాచారం.

రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాయండి. ప్రతి గొడవకీ నాలుగు గళ్లు: వేళ, ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత ఏం దొరికింది. 'కోపం తెచ్చుకున్నాడు' అని రాయొద్దు, అది చూసినవాళ్ల అభిప్రాయం. '11:50, నీళ్ల కుళాయి వరస, ముందున్న పిల్లాడు తిరిగి నవ్వాడు, వీడు ముంజేయి కొరికాడు, వరసలో ముందుకొచ్చాడు' అని రాయండి. నాలుగో గడి అన్నిటికన్నా ముఖ్యం. కొరికాక వరసలో ముందుకి చేరుతున్నాడంటే కొరకడం వాడికి పనిచేస్తోంది. ఇంట్లో చెల్లిని కొట్టగానే గోల ఆపడానికి ఫోన్ చేతికిస్తే అదీ అంతే.

దుడుకుతో కోరింది దొరక్కుండా చేయడం మొదలుపెట్టిన కొత్తలో దుడుకు తగ్గకపోగా పెరగొచ్చు, పాత కిటుకు పనిచేయలేదని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు. చాలా ఇళ్లలో సరిగ్గా అప్పుడే విసిగి వదిలేస్తారు, దాంతో 'ఇంకా గట్టిగా చేస్తే దొరుకుతుంది' అని నేర్చుకుంటాడు. వరసలో మొదటివాడిగా కొన్నాళ్లు నిలబెట్టండి, చేతులు తనవద్దే ఉంచుకున్న ప్రతిసారీ ఆ క్షణంలోనే పేరు పెట్టి మెచ్చుకోండి. పక్కన కూర్చోబెట్టడం రెండు నుంచి ఐదు నిమిషాలు చాలు, గంటసేపు నిలబెడితే ఏమీ నేర్చుకోడు. కొట్టొద్దు, కొట్టడం పనిచేస్తుందని వాడికి మనమే చూపించినట్టవుతుంది.

నిద్ర అడగండి. 6-12 ఏళ్లకి రోజుకి 9 నుంచి 12 గంటలు కావాలి. ట్యూషన్ 7:30కి అయిపోయి, ఫోన్ చూస్తూ 11కి పడుకుని 6కి లేస్తే ఏడే. గురక పెడుతూ నోటితో ఊపిరి తీస్తుంటే టాన్సిల్స్, అడినాయిడ్స్ చూపించండి. మాటలు ఆలస్యమా, చెవి వినపడుతోందా అన్నవి కూడా. మొదటి సలహాకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

గోదారి_రైతు
కోళ్లకి హార్మోన్ ఇంజెక్షన్లు, గేదెలకి పాల సూదులు... వాటి వల్లే పిల్లలిలా తయారయ్యారని మా ఊళ్లో అందరి మాట.

ల్యాబ్_బయోకెమ్
బ్రాయిలర్ కోడి ఆరు వారాల్లో పెరిగేది ఎంపిక చేసిన జాతి వల్ల, దాణా వల్ల. వేల కోళ్లకి ఒక్కోదానికి రోజూ సూది వేయడం ఏ షెడ్డుకీ గిట్టుబాటు కాదు. గేదెకి వేసే ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, పాలతో కడుపులోకి పోతే జీర్ణరసాలే ముక్కలు చేసేస్తాయి. గేదెకి మాత్రం ఆ సూది హింసే, పశువైద్యుడి చీటీ లేకుండా వాడకూడదు కూడా.

లక్ష్మి_వరంగల్
పొద్దున టిఫిన్ తర్వాత ఒకేసారి ఇవ్వడం గురించి డాక్టరు గారిని అడుగుతాను. చాలా థాంక్స్ అండి.

పంతులమ్మ_కాకినాడ
నోటుబుక్కు సోమవారం నుంచి మొదలుపెడతాను. ఒకవేళ పిల్లల డాక్టరు చూసి మళ్లీ టెస్టులు రాస్తే, శాంపిల్ ఎలా ఇవ్వాలో కూడా చెప్పండి.

ల్యాబ్_బయోకెమ్
పొద్దున 8కి వెళ్లండి, 9 దాటనివ్వొద్దు. రాత్రి నిద్ర మామూలుగా పోయి ఉండాలి, జ్వరం ఉన్న రోజు వద్దు. జుట్టుకి మంచిదని ఇచ్చే బయోటిన్ గమ్మీలు, మల్టీవిటమిన్లు కనీసం రెండు రోజుల ముందే ఆపండి. బయోటిన్ కొన్ని మెషీన్లలో టీఎస్‌హెచ్‌ని లేనంత తక్కువగా, ఫ్రీ టీ4, టెస్టోస్టిరాన్‌లని లేనంత ఎక్కువగా చూపిస్తుంది. ఏడ్చి పెనుగులాడితే కార్టిసాల్ పెరుగుతుంది, అందుకని సూది గుచ్చేముందు పది నిమిషాలు కూర్చోబెట్టి, ఎన్నో గంటకి తీశారో ట్యూబు మీద రాయించండి. ఫారం మీద వయసు, వాడుతున్న మందులు రాయాలి. రిపోర్టు చేతికొచ్చాక ముందు చూడాల్సింది అంకె కాదు, పక్కన వేసిన హద్దులు ఆరేళ్ల మగపిల్లాడివా కాదా అన్నది. కాకపోతే అక్కడే కౌంటర్లో మార్చి ఇవ్వమనండి.